బయటి గడియ

మే 2, శనివారం

దొంగను ఈ ఉదయం పూడ్చిపెట్టాం. క్యారవాన్లు, కారు వెనక లాగే ఇంటిబండ్లు, ఆపుకునే ఈ స్థలాన్ని చూసే గేటాయన పార చేతికిచ్చి, "రాళ్ళెక్కువమ్మా, నెమ్మదిగా తవ్వండి" అన్నాడు. బావ తవ్వుతానని చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. వద్దన్నాను. నేనే తవ్వాను.

నాకు కోపం లేదు.

మే 3, ఆదివారం

తాళాల కంపెనీవాళ్ళు ఏటా మా షాపుకి పంపే డైరీ ఇది. ఏ ఏడూ ఒక్క పేజీ రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవాలి. లేకపోతే బావ చెప్పిందే నిజమైపోతుంది. ఆయన చెప్పే తీరు అలాంటిది.

శుక్రవారం మధ్యాహ్నం నేనూ అక్కా దుప్పట్లు ఉతికించుకురావడానికి కారులో ఊళ్ళోకి బయల్దేరాం. ఎండ పేలిపోతోంది. దొంగను తీసుకెళ్దామంటే ఆ ఉతికే షాపులోకి కుక్కల్ని రానివ్వరు. కారులో వదలడం నావల్ల కాదు. క్యారవాన్లో ఏసీ నడుస్తోంది. అది బల్ల కింద చల్లటి నేలకి పొట్ట ఆనించి, కాళ్ళు బారచాపుకుని పడుకుని ఉంది.

"ఏసీ ఆపకు బావా. ఎండ చూశావుగా," అన్నాను.

బావ నవ్వాడు. "నాకు చెప్తున్నావా మరదలా? లోకానికి చెప్పేవాణ్ణి నేను!"

అదీ నిజమే. బావ ఉద్యోగం మానేసి 'జాగ్రత్త బావ' అని పేరు పెట్టుకుని ఫోన్లో వీడియోలు తీస్తుంటాడు. కుక్కలతో, పిల్లులతో క్యారవాన్లో ఎలా తిరగాలో చెప్తాడు. బండి కదిలేముందు పిల్లిని బోనులో పెట్టండి. కుక్కకి బెల్టు కట్టండి. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయండి. తలుపు తీసేముందు గొలుసు చేతిలో ఉందో లేదో చూసుకోండి. ఎండలో బండి లోపల వదిలి వెళ్ళకండి మిత్రులారా, బండి పొయ్యి అయిపోతుంది! చూసేవాళ్ళు వేలకి వేలు. బావకి మాత్రం సొంతంగా కుక్కా లేదు, పిల్లీ లేదు. అన్ని వీడియోల్లోనూ తోక ఊపింది నా దొంగే. ఈ ప్రయాణానికి పిలిచింది కూడా దాన్నే. దాంతోపాటు నేను వచ్చాను.

మేం వెళ్ళాక బావ లోపల కూర్చుని మాట రికార్డు చేసుకుందామనుకున్నాడు. ఏసీ హోరు పడుతోందని ఆపేశాడు. పని అయ్యాక బయటికి వస్తే ఎవరో "మీరు జాగ్రత్త బావ కదూ?" అన్నారు. తలుపు మూసి చెట్ల కిందికి వెళ్ళాడు. కబుర్లు, సెల్ఫీలు, ఎవరి బండిలోనో టీ. ఏసీ సంగతి మరిచిపోయాడు. దొంగ సంగతీ మరిచిపోయాడు. బయటి శబ్దాలు రికార్డులో పడకూడదని కిటికీలకీ పైకప్పులోని గాలి కంతకీ ఎప్పుడో స్పాంజి పలకలు అంటించేశాడు. అందుకని లోపలి శబ్దాలు కూడా చెట్ల దాకా రాలేదు.

తిరిగొచ్చాక అక్క తలుపు తీసింది. వేడి మా మొహాల మీద కొట్టింది. తలుపుకి లోపలివైపు, అడుగున, రంగంతా గీరుకుపోయి ఉంది. ఇంతకు మించి రాయను.

బావ అన్న మాట మాత్రం రాస్తాను. "అయ్యయ్యో! అయినా దానికి వయసైపోయింది కదమ్మా."

దానికి తొమ్మిదేళ్ళు. మా షాపు షట్టరు కింద దొరికింది, గుప్పెడంత పిల్ల. వచ్చిన రోజే ఎవరిదో చెప్పు ఎత్తుకుపోయింది. అందుకని దొంగ. "తాళాల షాపులో దొంగను పెట్టుకున్నావేంటమ్మా" అని వచ్చిన ప్రతివాళ్ళూ అదే జోకు వేసేవాళ్ళు. అన్నిసార్లూ నవ్వాను.

అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు. కోపం లేదు.

మే 4, సోమవారం

బావ వీడియో పెట్టాడు. "మా దొంగ నిద్రలోనే వెళ్ళిపోయింది మిత్రులారా. గుండె ఆగిపోయింది. ఏ బాధా పడలేదు."

నిద్రలోనే అట. మా దొంగ అట.

మే 6, బుధవారం

ఇంటికి పోదామని సంచి సర్దుకున్నాను. అక్క గుమ్మంలో కూర్చుని దుప్పటి మడుస్తోంది. మడిచిందే మళ్ళీ విప్పి మడుస్తోంది.

"వెళ్ళకే చిన్నీ," అంది. "నువ్వెళ్ళిపోతే ఈ డబ్బాలో ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. మేళా అయ్యేదాకా ఉండు."

సరస్సు ఒడ్డున క్యారవాన్లవాళ్ళ మేళా ఉంది. బావ వేదిక మీద మాట్లాడాలి. దేని గురించో చెప్పాలా.

"నువ్వు ఆయన్ని ఒక్క మాటైనా అన్నావా?" అని అడిగాను.

"ఏమనను? అంటే తిరిగొస్తుందా?"

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నోట్లో నాలుక లేనిదేం కాదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. స్టీరింగ్ ముందు కూర్చుంటే మగపిల్లలు కూడా గజగజలాడతారు. ఇంత పొడుగు క్యారవాన్ని కారు వెనక తగిలించుకుని ఎంత ఇరుకు సందులోనైనా వెనక్కి తిప్పగలదు. వీడియోల్లో మాత్రం స్టీరింగ్ పట్టుకుని కనిపించేది బావ. బండి ఆగి ఉన్నప్పుడు.

అక్క కోసమే ఉంటున్నాను. సంచి మళ్ళీ మంచం కింద పెట్టేశాను.

మే 7, గురువారం

బండి కదిలేముందు లోపలి అల్మారాల గడియలన్నీ వెయ్యడం నా పని. ఇవాళ ఒకటి వెయ్యలేదు. మొదటి మలుపులోనే బావ కప్పులు, తన బొమ్మ అచ్చు వేయించుకున్నవి, అన్నీ కింద పడి ముక్కలయ్యాయి.

"మరిచిపోయాను బావా," అన్నాను.

ఈ మాట అనడం ఎంత సులువో! నోరు కూడా నొప్పి పుట్టదు.

మే 8, శుక్రవారం

నీళ్ళ సీసాకి మూత పెట్టడం మరిచిపోయాను. కింద బావ మైకు ఉంది.

"మరిచిపోయాను బావా."

బావ, "నీకీమధ్య మతిమరుపు ఎక్కువైంది మరదలా, పాపం దిగులు" అని తల నిమరబోయాడు. తప్పుకున్నాను. అక్క నావైపు అద్దంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

మే 10, ఆదివారం

మధ్యాహ్నం ఒక ఊళ్ళో ఆగితే బావ ఎక్కడికో వెళ్ళి అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అక్క చేతిలో ఫోను పెట్టి తియ్యమన్నాడు. నన్ను పిలిచి పెట్టె ముందు నిలబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. వీడియో గొంతు.

"మిత్రులారా! దొంగ పోయిన ఇంట్లోకి ఇవాళ ఎవరొచ్చారో చూడండి. దొరగారొచ్చారు! దొంగ స్థానంలో దొర! ఎలా ఉంది మరదలా, పేరు?"

పెట్టెలో తెల్లటి పిల్ల. ముక్కు మీద నల్లమచ్చ. చెవులు ఇంకా నిలబడలేదు. వెలుతురుకి కళ్ళు చికిలించి నావైపు చూసి, తుమ్మింది.

రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. చేతులు ఖాళీగా ఉంటే అవి ఏం చేసేవో నాకే తెలియదు.

"నాకొద్దు," అన్నాను చేతుల్లోంచే.

"సిగ్గుపడుతోంది," అన్నాడు బావ ఫోనుతో.

పిల్లను అక్క తీసుకుంది. పాలు పట్టింది. రాత్రికి పడుకోవడానికి తన పాత శాలువా పరిచింది. నేను దానివైపు చూడటం లేదు. దాని తప్పేమీ లేదు. అయినా చూడటం లేదు.

మే 11, సోమవారం

"మా మరదలి ఆనందబాష్పాలు" అని ఆ వీడియోకి పేరు పెట్టాడు. "నాకొద్దు" కత్తిరించేశాడు.

మే 12, మంగళవారం

సరస్సు దగ్గరికి చేరాం. ఎటు చూసినా తెల్లటి బండ్లు. ఒక్కో బండికీ ఒక కరెంటు స్తంభం, ఒక నీళ్ళ కుళాయి, కారు నిలుపుకునేంత చోటు. చెట్టన్నది మా బండి ముందు ఒక్కటుంది. బండి మాత్రం నడి ఎండలో.

పక్కబండిలో రిటైరైన నర్సు ఒకావిడ ఉంది. రెండు పిల్లుల్ని వెంటేసుకుని ఒంటరిగా ఊళ్ళు తిరుగుతుందట. పిల్లులకి నడుము చుట్టూ పట్టీలు కట్టి, ఒక్కొక్కదాన్నే బయటికి తెస్తుంది. వచ్చీ రాగానే మా పిల్ల మెడపట్టీ కింద వేలు పెట్టి చూసి, "కొంచెం వదులు చెయ్యండమ్మా, పెరిగే మెడ" అంది అక్కతో. బావ తను ఎవరో చెప్పుకున్నాడు. "అలాగా," అందావిడ. అంతే అంది.

సాయంత్రం బావ నా దగ్గరికొచ్చాడు. "మన తలుపు గొళ్ళెం వదులైంది మరదలా. నిన్న దారిలో దానంతటదే తెరుచుకుంది. దొర దూకేస్తే? మేళాలో అందరి ముందూ పరువు పోతుంది. బయటినుంచి గట్టి గడియ ఒకటి బిగించవా? నీ చేతిలో పనేగా."

నా చేతిలో పనే.

మే 13, బుధవారం

ఊళ్ళో ఇనుపసామాన్ల షాపుకి వెళ్ళి గడియ తెచ్చాను. షాపాయన పల్చటిది చూపించాడు. మందంది కావాలన్నాను. పొద్దున్నంతా కూర్చుని బిగించాను. రేకు వెనక చెక్క ఎక్కడుందో తట్టి చూసి, అక్కడే మరలు దింపాను. నూనె వేశాను. ఒక్క వేలితో జరిపితే చాలు, చప్పుడు కాకుండా వెళ్ళి పడుతుంది. పని ఏదైనా శుభ్రంగా చెయ్యడం నాన్న నేర్పాడు.

పిల్ల కోసమే బిగించాను. బావ అడిగితేనే బిగించాను.

భోజనాలయ్యాక బావ లోపల నడుం వాలుస్తాడు. ఫోను బయట మడతబల్ల మీద వదిలేస్తాడు. అక్క ఎంగిలి గిన్నెలు తొట్టిలో వేసుకుని, పిల్ల గొలుసు పట్టుకుని, గిన్నెలు తోముకునే షెడ్డుకి వెళ్తుంది. అక్కడ ఆడవాళ్ళతో కబుర్లు పెట్టుకుని తాపీగా వస్తుంది. వచ్చినప్పట్నుంచీ అంతే. నిన్నా అంతే. ఇవాళా అంతే.

ఊరికే గమనించాను.

మే 14, గురువారం

పొద్దున్నే ఎండ దంచేస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మంచిరోజు.

మే 15, శుక్రవారం

పశువుల ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అక్క లోపలుంది. నన్ను లోపలికి రావద్దంది.

నిన్న భోజనాలయ్యాయి. బావ లోపలికెళ్ళి పడుకున్నాడు. అక్క తొట్టి చంకనెత్తుకుని వెళ్ళడం చూశాను. వీపు చూశాను. తొట్టి చూశాను. మిగతాది రోజూలాగే అనుకున్నాను.

మొదట స్తంభం దగ్గరికెళ్ళి మా బండి తీగ పీకేశాను. ఏసీ నిట్టూర్చినట్టు ఆగిపోయింది. తర్వాత గడియ వేశాను. చప్పుడు కాలేదు. చెట్టు కింద, తలుపుకి దగ్గరగా కుర్చీ వేసుకుని, బావ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నర్సమ్మ బండి తలుపు మూసి ఉంది. దారిలో ఎవరూ లేరు, ఈ ఎండకి ఎవరుంటారు?

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు కదిలింది. మళ్ళీ కదిలింది.

"ఏమేవ్! తలుపు బిగుసుకుపోయిందే!"

"అక్క లేదు బావా. నేనున్నాను."

"నువ్వా? కరెంటు పోయినట్టుంది మరదలా. తలుపు తియ్యి."

"కాసేపాగు."

"గడియ పట్టేసిందా ఏంటి?"

"పట్టెయ్యలేదు. నేనే వేశాను."

లోపలినుంచి నవ్వు. వీడియోలో నవ్వే నవ్వు. "జోకా? బాగుంది. ఇక తియ్యి."

"వేడిగా ఉందా బావా?"

"ఒళ్ళు ఉడికిపోతోందిక్కడ!"

"కిటికీ తెరుచుకో."

స్పాంజి పలకల్ని గోళ్ళతో పీకుతున్న చప్పుడు వచ్చింది. కిటికీ గొళ్ళాలు కూడా ఆ జిగురు కిందే ఉన్నాయి. ఊడలేదు. ఆ చప్పుడు వింటే హాయిగా అనిపించింది. నాకోసం రాసుకునేదాంట్లో అబద్ధం ఎందుకు? చాలా హాయిగా అనిపించింది.

"మీ అక్కకి చెప్తాను!" అని అరిచాడు, చిన్నపిల్లాడిలా. తర్వాత, "పోలీసుల్ని పిలుస్తా!"

"ఫోను నా దగ్గరుంది బావా. ఏసీ ఎందుకాపావు?"

"ఎన్నిసార్లు చెప్పాలి? హోరు పడుతోందనీ..."

"మళ్ళీ ఎందుకు వెయ్యలేదు?"

"మరిచిపోయానమ్మా! మనిషన్నాక మరిచిపోడా? కుక్కే కదా, దానికోసం మనిషిని చంపుతావా?"

"చంపను. దాన్ని ఎంతసేపు ఉంచావో అంతసేపు ఉంచుతాను."

తలుపుని భుజంతో గుద్దాడు. బండి ఊగింది. గడియ కదల్లేదు. మళ్ళీ గుద్దాడు. ఆ తర్వాత గుద్దులు తగ్గాయి. గొంతు కిందినుంచి రావడం మొదలైంది. నేలమీద కూర్చున్నట్టున్నాడు.

"తియ్యి తల్లీ. కళ్ళు తిరుగుతున్నాయి. నీ కాళ్ళు పట్టుకుంటా. నాదే తప్పు. నేనే చంపాను దాన్ని. చాలా? తియ్యి."

ఇదే వినాలనుకున్నాను ఇన్నాళ్ళూ. విన్నాను. లేచి నిలబడ్డాను కూడా. అక్క వచ్చేలోపు తీసేద్దామనే అనుకున్నాను. కానీ మళ్ళీ కూర్చున్నాను. ఇంకొంచెం, అనుకున్నాను. ఇంకోసారి అననీ.

అప్పుడు అక్క వచ్చింది. ఒక చంకలో తొట్టి. రెండో చేతిలో ఏమీ లేదు.

"అదేంటే, ఆయన అలా అరుస్తున్నారు?"

నేను ఆమె చేతినే చూస్తున్నాను. "పిల్లేదక్కా?"

"లోపలే వదిలేశా. నేల పెనంలా కాలుతోంది, దాని పాదాలు బొబ్బలెక్కుతాయని. లోపల ఏసీ ఉందిగా..."

ఎలా వెళ్ళానో తెలియదు. గడియ ఒక్క వేలితో జరిగింది. తలుపు తోసుకుని బావ బయటపడ్డాడు. నన్ను భుజంతో పక్కకి నెట్టి, అక్క పక్కనుంచి, సరాసరి కుళాయి దగ్గరికి వెళ్ళి తల దాని కింద పెట్టాడు. తాగుతున్నాడు. బావ చేతులు ఖాళీగా ఉన్నాయి. అక్క చూసింది. అరుపులకి లేచి బయటికొచ్చిన నర్సమ్మ కూడా చూసింది.

పిల్ల మంచం కింద నీళ్ళ క్యాను వెనక దూరి ఉంది. క్యాను చల్లగా ఉంటుందని వెళ్ళినట్టుంది. నాలుక బయటికి వేలాడుతోంది, ముదురు ఎరుపు. డొక్కలు ఎగిరెగిరిపడుతున్నాయి. ఎత్తితే తల వేలాడిపోయింది.

"ఐసు నీళ్ళు వద్దు!" నర్సమ్మ అరుస్తూ వచ్చింది. "మామూలు నీళ్ళు! పొట్టకీ పాదాలకీ పట్టించండి. నోట్లో పొయ్యద్దు. గాలి విసరండి, ఆపకుండా విసరండి. కారు తియ్యండమ్మా!"

అక్క కారు నడపడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నిన్నలా నడపడం ఎప్పుడూ చూడలేదు. నేను వెనకసీట్లో తడి శాలువాలో పిల్లను పెట్టుకుని కంచంతో విసురుతూనే ఉన్నాను. బయల్దేరుతుంటే బావ కుళాయి దగ్గర్నుంచి, "నేను చచ్చిపోయేవాణ్ణి, తెలుసా!" అని అరిచాడు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు.

డాక్టరు గారు బతుకుతుందన్నాడు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తాయో కొన్నాళ్ళు చూడాలన్నాడు. కాలికి సూది గుచ్చి సీసా కట్టారు.

అక్క వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. కరెంటు గురించి అడగలేదు. బావ గురించి అడగలేదు.

"గడియ వేసేముందు లోపల చూశావా?"

"నువ్వు రోజూ దాన్ని తీసుకెళ్తావు కదక్కా..."

"నేనడిగింది అది కాదు. చూశావా?"

"లేదు."

తల ఊపింది. "ఆయన దాని పక్కనే ఉండి దాని మాట ఎత్తలేదు. నువ్వు చూడకుండా గడియ వేశావు. మీ ఇద్దరి దగ్గరా ఏ ప్రాణిని వదిలి నేను గిన్నెలు తోముకోవడానికి వెళ్ళనే?"

లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఇక్కడే కూర్చున్నాను.

మే 16, శనివారం

అక్క పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. పొద్దున ఆసుపత్రి నుంచి నన్నూ ఎక్కించుకుని వచ్చి, తను కారు దిగకుండా, నన్ను తన బట్టల సంచి అందించమంది. బావ కారుకి అడ్డం నిలబడ్డాడు.

"కారు తీసుకుపోతే ఈ బండిని ఎవరు లాగుతారే? రేపు మేళా!"

"అడ్డు తప్పుకోండి," అంది అక్క. శిష్యులతో మాట్లాడే గొంతు. బావ తప్పుకున్నాడు.

ఇప్పుడు ఈ కదలని డబ్బా దగ్గర మిగిలింది ఇద్దరం. బావ తలుపు తెరిచి దానికి కుర్చీ అడ్డం పెట్టుకుని లోపల కూర్చున్నాడు. నేను చెట్టు కింద. సాయంత్రమయ్యాక, "ఆ గడియ ఊడదీసెయ్యి" అన్నాడు.

స్క్రూడ్రైవర్ తెచ్చి కూర్చున్నాను. నేను మర విప్పుతుంటే తలుపు అవతలినుంచి తొంగి చూస్తూ అన్నాడు.

"అది మంచం కిందికి వెళ్ళడం చూశాను. చూడలేదని కాదు."

"మరి చెప్పలేదేం?"

"తోచలేదు."

స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "పిల్ల లోపలుంది" అని ఒక్క మాట అంటే ఆ క్షణమే తలుపు తీసేదాన్ని. బావకి ఆ సంగతి ఇప్పుడే వెలిగినట్టుంది, నా మొహం చూసి. తన ప్రాణం కాపాడుకోవడానికైనా దాని పేరు గుర్తురాలేదు ఆ మనిషికి.

"పోలీసులకి చెప్పుకుంటావా?" అని అడిగాను.

"ఏమని చెప్పుకోను?" అన్నాడు.

మే 17, ఆదివారం

మేళాలో బావ వేదికెక్కాడు. నేను చివరి వరసలో నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు. మైకు పట్టుకోగానే మనిషి వెలిగిపోయాడు. "బండి దిగేముందు లోపల ఎవరున్నారో ఒక్కసారి చూసుకోండి మిత్రులారా, అవి నోరులేని జీవాలు" అన్నాడు. చప్పట్లు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నర్సమ్మ ఒళ్ళో పిల్లితో లేచి నిలబడింది.

"బాబూ, మొన్న నువ్వు బండిలోంచి బయటికొచ్చినప్పుడు నీ చేతిలో ఏముంది?"

"ఎప్పుడండీ?"

"కరెంటు పోయిన మధ్యాహ్నం. లోపల మీ కుక్కపిల్ల ఉంది కదా. కుళాయి దగ్గరికి పరిగెత్తావే, అప్పుడు నీ చేతిలో ఏముంది?"

బావ నోరు తెరిచాడు. మైకులో ఊపిరి మాత్రం వినిపించింది. గుంపులో గుసగుస పుట్టింది. ఎవరో, "వీళ్ళ పాత కుక్క కూడా మొన్నే పోయిందిగా" అన్నారు. ఇంకెవరో ఫోన్లు పైకెత్తారు. బావ మైకు బల్ల మీద పెట్టి, మెట్లు తడబడుతూ దిగి, బండ్ల మధ్యలోంచి వెళ్ళిపోయాడు.

తియ్యగా ఉంది. తేనె తాగినట్టు ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని పెదవి బిగబట్టకుండా నవ్వాను.

నర్సమ్మ పిల్లిని ఎత్తుకుని నా పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"నువ్వు మాత్రం నవ్వకు," అంది.

మే 20, బుధవారం

బస్సులో ఇంటికొచ్చాను. షాపు తెరిచాను. ఒకావిడ బీరువా తాళంచెవి పోయిందని వచ్చింది. చేసిచ్చాను. ఇంకొకాయన, "మీ దొంగ కనిపించదేం?" అన్నాడు. పోయిందన్నాను. ఎలా పోయిందంటే, మా బావ ఏసీ ఆపి మరిచిపోయాడని చెప్పాను. ఆయన బావను నాలుగు తిట్టాడు. పక్కన నిలబడి విన్నాను. కొన్నాళ్ళ క్రితమైతే ఇంకో నాలుగు కలిపేదాన్ని.

కోపం ఉంది. ఇన్నాళ్ళూ లేదని రాసిందంతా అబద్ధం. అది తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు దానికి తినడానికి బావ ఒక్కడే సరిపోవడం లేదు.

మే 24, ఆదివారం

అక్క ఫోను ఎత్తలేదు.

మే 27, బుధవారం

ఎత్తలేదు.

మే 29, శుక్రవారం

ఎత్తింది. డ్రైవింగ్ స్కూలు పైన గదిలో ఉంటోందట. బావ రోజూ ఫోను చేస్తున్నాడట, వీడియోలు మానేశానని ఒకరోజు, మళ్ళీ మొదలుపెడతానని ఒకరోజు. పిల్ల బాగానే తింటోందట. నీళ్ళు ఎక్కువ తాగుతోందట, డాక్టరు చూస్తున్నాడట.

"నేను రానా?" అన్నాను.

కింద ఎవరో గేరు సరిగా పడక కీచుమనిపించారు.

"ఆదివారం రా," అంది. "పిల్లను మాత్రం ముట్టుకోకు."

మే 31, ఆదివారం

వెళ్ళాను. ఒకే గది. గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం, ఒక మంచం, కిటికీ కింద గ్యాసు పొయ్యి. కిటికీ బార్లా తెరిచి ఉంది. అక్క సన్నబడింది. రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. కుర్చీ చూపించి టీ పెట్టడానికి అటు తిరిగింది.

పిల్ల మంచం కింద ఉంది. పెరిగింది. ఒక చెవి నిలబడింది, రెండోది ఇంకా లేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మాట ఇచ్చాను కదా.

బావను క్షమించావా అని అక్క అడగలేదు. అడిగితే లేదనే చెప్పేదాన్ని. క్షమించనని చెప్పడానికి మాటలు కూడా దారిలో కూర్చుకున్నాను. అడగకపోయేసరికి అవి అలాగే ఉండిపోయాయి.

పిల్ల బయటికి వచ్చింది. నా చెప్పు వాసన చూసింది. నన్ను చూసి పారిపోతుందేమో అనుకున్నాను. పారిపోవడానికి దానికేం తెలుసు? ఆ తలుపుకి అవతల ఎవరు కూర్చున్నారో దానికెవరు చెప్తారు? పాదం చుట్టూ ఒకసారి తిరిగి, దాని మీదే గడ్డం ఆనించి, పెద్దమనిషిలా ఊపిరి వదిలి పడుకుంది.

అక్క టీ గ్లాసులతో ఇటు తిరిగి ఆగిపోయింది.

"నేను ముట్టుకోలేదక్కా. అదే వచ్చింది."

"చూశాను," అంది. నా గ్లాసు చేతికివ్వకుండా పక్కన స్టూలు మీద పెట్టింది. తను మంచం మీద కూర్చుంది. కాసేపు పిల్లనే చూసింది.

"కాలు కదపకు," అంది. "ఇప్పుడే నిద్రపట్టింది దానికి."

టీ చల్లారిపోయింది. కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. కదపలేదు.